వంశవృక్షం గీసే చేయి

తిరుపతిలో 1954లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రం చదివేవాళ్ల పనితనాన్ని తరగతిలో కాదు, చిత్తూరు పల్లెల్లో, ఇళ్ల అరుగుల మీద చూడాలి. వాళ్లు గీసే వంశవృక్షంలో త్రిభుజం గీస్తే మగవాడు, సున్నా గీస్తే ఆడమనిషి, రెండు అడ్డగీతలు పెళ్లి. ఇంతేనా అనిపిస్తుంది. కానీ మన సీమలో అక్క కూతుర్ని చేసుకున్న ఇళ్లున్నాయి. అక్కడ అవ్వకు ఒకే పిల్ల మనవరాలూ, కోడలూ. గీతలు ఒకదాన్నొకటి అల్లుకుంటాయి. "అవ్వా, మీ నాయనకు తోబుట్టువులెంతమంది?" అని విసుగులేకుండా మళ్లీ అడిగి, ఆ చిక్కు విడదీసే ఓపిక ఎంత గొప్పది! పొత్తిళ్లలోనే పోయిన బిడ్డకూ ఆ కాగితంలో చోటుంటుంది. వంశపారంపర్య వ్యాధుల అధ్యయనానికీ ఆ గీతలే ఆధారం.

జనం మధ్య మసలి తెలుసుకునే ఈ పద్ధతిలోనే అమెరికా పరిశోధకురాలు జాయ్స్ ఫ్లూకిగర్ మన తిరుపతి గ్రామదేవత గంగమ్మ మీద పుస్తకం రాశారు. అది 2013లో వచ్చింది.

చదువయ్యాక పని చేయడానికి భారత మానవశాస్త్ర సర్వే, మ్యూజియాలు, గిరిజన సంక్షేమం, ప్రజారోగ్యం ఉన్నాయి. సివిల్స్‌లో ఐచ్ఛికాంశంగానూ మానవశాస్త్రం పనికొస్తుంది. నా మటుకు ప్రజారోగ్యమే ముఖ్యం. యానాదుల కాలనీలో క్షయ మందులు మధ్యలో ఎందుకు ఆగాయో తెలియాలంటే, మాత్రల లెక్కతో పాటు ఆ ఇంటి మాట వినడం తెలిసినవాళ్లు కావాలి.