పానగీతములు - యవరాజును గీఁతకాఁడును

మహాకావ్యమునకుఁ గావలసిన వర్ణనములలో మధుపానమును దండి కావ్యాదర్శమున లెక్కించెను. మాఘుఁడు శిశుపాలవధమునఁ బదియవ సర్గమునఁ బానగోష్ఠిని విపులముగా వర్ణించెను. కావునఁ బానము కావ్యవస్తువు కాఁదగునా యను శంక యాలంకారికులకు లేదు. అయితే వారి కావ్యములలోఁ ద్రాగువారు గలరు, చషకములు గలవు, చంద్రోదయమును గలదు. ఆ మద్యము నెవరు వండిరో, దేనితో వండిరో, దానిపై రాజెంత పన్ను గొనెనో చెప్పు శ్లోకము మాత్ర మరుదు. ఈ కొఱఁత లేని గేయసంప్రదాయ మొకటి స్కాట్లండు దేశమునఁ బుట్టి నేఁటికిని జీవించియున్నది. దానిని దెలుఁగు పాటతోఁ బోల్చి చూచుట నిష్ఫలము కాదు.

ముందుగా శబ్దవిచారము. విస్కీ యనునది గేలికు భాషలోని 'ఉష్కె బెహ' యను పదద్వయముయొక్క శిథిలరూపము. అర్థము జీవజలము. ఇందుఁ బూర్వపదము సంస్కృతమునందలి 'ఉదన్' శబ్దమునకు జ్ఞాతి; ఉత్తరపదము 'జీవ' ధాతువునకు జ్ఞాతి. ఆదియందలి కంఠ్యోష్ఠ్యవర్ణము సంస్కృతమున జకారముగను, గేలికు భాషలో బకారముగను బరిణమించుటచే నీ చుట్టఱికము పైకిఁ గానరాదు. లాటినులో 'ఆక్వా వీటే' యన్నను నిదియే యర్థము. 1494వ సంవత్సరపు స్కాట్లండు రాజకోశపు లెక్కలలో జాన్ కోర్ అను సన్న్యాసికి జీవజలము చేయుటకై యెనిమిది 'బోలుల' మొలకధాన్య మిచ్చినట్లున్నది. తెలంగాణమున వాడుకలోనున్న 'ఆబ్కారి' యను పారసీకపదమునందలి 'ఆబ్' కూడ నీరే. సంస్కృతపు 'అప్' శబ్దమునకు సోదరి. మద్యమును నీరనుటకు మానవులందఱును సంకోచింపలేదని తోఁచుచున్నది. ఇఁక మనువు సురను గౌడి, పైష్టి, మాధ్వి యని మూఁడు విధములుగాఁ జెప్పెను. యవధాన్యముతోఁ జేయునది కావున స్కాట్లండు విస్కీ పైష్టి. చెట్టునుండి స్రవించు కల్లు ఈ మూఁటిలో దేనియందును జేరదు. ఈ భేదమే యుభయదేశముల పాటలయందలి భేదమునకు మూలము.

రాబర్టు బర్న్సు 1759వ సంవత్సరము జనవరి 25వ తేదీని ఆలొవే గ్రామమున జన్మించి 1796 జూలై 21న డంఫ్రీసు పట్టణమున మరణించెను. ఆతఁడు వ్యవసాయము చేసినవాఁడు. చాళ్లు దున్నిన చేతితోఁ బాటలు వ్రాసెను. 1786లోఁ గిల్‌మార్నక్‌ పట్టణమున 612 ప్రతులుగా నచ్చయిన యాతని తొలి సంపుటమున స్కాట్లండు పానీయమును గూర్చిన ఖండిక యొకటి గలదు. ద్రాక్షను దేవతగాఁ గొలుచు పాతకవుల మర్యాదను ద్రోసిపుచ్చి, యాతఁడు తన దేశపు యవలను బ్రశంసించెను. అచ్చట యవలు పానమునకే కాదు, రొట్టెకును, గంజికిని గూడ నాధారము. మత్తుకంటె ముందు పంటను స్తుతించుట యీ ఖండికకుఁ గల మేలు. తుదిభాగమున విదేశపు బ్రాందిని దిట్టుటలో మాత్రము కవిత్వము సన్నగిల్లి వాదము మిగిలినది.

'జాన్ బార్లీకార్న్' అను గేయము దీనికంటె మిన్న. ఇది బర్న్సు కేవలము కల్పించినది కాదు. జనులు పాడుచుండిన పాటను దిద్ది 1787వ సంవత్సరపు ఎడింబరో ముద్రణమున వెలువరించెను. ముగ్గురు రాజు లొక వీరుని జంపుదుమని ప్రతినఁబూని, దున్ని పాఁతిపెట్టుదురు. వాఁడు మొలకెత్తి లేచును. కోయుదురు, కొట్టుదురు, నీట ముంచుదురు, వేఁపుదురు, ఱాళ్ల నడుమ నలుపుదురు. తుదకు వాని రక్తమును ద్రావి ధైర్యము దెచ్చుకొందురు. దీనిని రూపకాతిశయోక్తి యనుటకు వీలులేదు. ఉపమేయము పూర్తిగా మ్రింగఁబడినఁ గదా యా యలంకారము! వీరుని పేరే యవకణము. ప్రస్తుతవస్తువు తన పేరుతోనే నిలిచియున్నది. దానిపై వీరుని వ్యవహార మారోపింపఁబడినది గావున సమాసోక్తి యనుటయే యుచితము. ఈ నిర్ణయము పండితవినోదము మాత్రము కాదు. ధాన్యము మఱుఁగుపడకుండుటచే, సేద్యమునందలి యొక్కొక్క పనియు హింసగాఁ గనఁబడుచుఁ బనిగాను నిలిచియుండును. వీరమున నారంభించి హాస్యమున ముగియు నీ పాటలోఁ గరుణ మెచ్చటను బేర్కొనఁబడదు. అయినను దాని యడుగునఁ బాఱుచునే యుండును.

మఱియొక చిత్రము. 1789 మొదలు బర్న్సు ఆబ్కారి యుద్యోగి. ఇంటింటఁ గాఁచు సారాను వెదకి పన్ను గట్టించుట యాతని వృత్తి. అంతకుముందు 1786లో స్కాట్లండు ప్రతినిధులకు విన్నపమువలె వ్రాసిన పద్యములలో నా పన్నునే దూషించియుండెను. కలోడెన్ ఫోర్బ్సు కుటుంబమునకు 1690లో ఫెరింటోష్ గ్రామమునఁ బన్ను లేకుండ విస్కీ కాఁచుకొను హక్కు దొరకెను; 1784లో నది రద్దయ్యెను. దానికై విలపించినవాఁడును నీ కవియే. ఉద్యోగమునఁ బ్రవేశించిన పిదప, 1792లో, దయ్యమొకటి ఫిడేలు వాయించుచు వచ్చి ఆబ్కారివానిని నృత్యము చేయించుచుఁ గొనిపోవుటయు, ఊరివారు సంతోషించుటయు వర్ణించు పాట వ్రాసెను. కొంద ఱిందుఁ గపటము గాంతురు. తన్నుఁ దానే దయ్యమునకు నప్పగించి నవ్వఁగల్గిన వానియందుఁ గపటమును వెదకుట కంటె, జీతమునకును జిహ్వకును నడుమ నలిగినవాని నిజాయితీని గుర్తించుట మేలు.

ఈ సంప్రదాయము బర్న్సుతో ముగియలేదు. రాబిన్ లెయింగ్ అను స్కాట్లండు వాగ్గేయకారుఁడు 1997లో 'దేవదూతల వంతు' అను నర్థము గల పేరుతో విస్కీపాటల సంపుటము వెలువరించి, 2002లో నీ విషయమునందలి పద్యములను బాటలను గ్రంథముగాఁ గూర్చెను. దేవదూతల వంతనఁగా నోకుపీపాలలో నిలువయున్న విస్కీనుండి యేఁటేఁట నావిరియై పోవు భాగము. అది సుమారు నూటికి రెండుపాళ్లు. అచ్చటి చట్టము ప్రకారము మూఁడేండ్లైనఁ బీపాలో నుండనిది స్కాట్లండు విస్కీ కాదు. అందుచే నా పానీయమునకు వయస్సు గలదు, పుట్టిన లోయపేరు గలదు. పూర్వస్మృతి దాని గుణములలో నొకటియైనది. అట్టి వస్తువును బాడువానికి దేశవారసత్వము చేతికందినట్లుండును; ఆ సులభత్వమే ప్రమాదము కూడ. పనివాఁడు తొలఁగి సీసా మిగిలినచోఁ బాట ప్రకటన మగును.

కల్లున కా వయస్సు లేదు. తెల్లవాఱఁగ దింపినది మాపటికిఁ బులియును. పీపాలేదు, ముద్రలేదు, నిలువలేదు. కాఁబట్టి తెలుఁగు పాటలో వీరుఁడు పానీయము కాఁడు, చెట్టెక్కువాఁడు. సర్వాయి పాపని కథయే దీనికి నిదర్శనము. కల్లుగీఁత కులమునఁ బుట్టిన యీతఁడు 1708లో నోరుగల్లును గొల్లగొట్టి 1710లోఁ జంపఁబడెను. పారసీకమున చరిత్ర వ్రాసిన ఖాఫీఖాను దృష్టిలో నీతఁడు దోపిడికాఁడు. జనులు మాత్రము పాట కట్టిరి. ఆ పాటను జె. ఏ. బాయిలు దొర 1874లో 'ఇండియన్ ఆంటిక్వరీ' పత్రికయందుఁ బ్రకటించెను. అందుఁ దల్లి కులవృత్తి చేసికొమ్మనఁగాఁ గొడుకు గోలకొండను దలఁచును. స్కాట్లండు పాటలో ధాన్యము మనుష్యుఁడై రాజులతోఁ బోరాడినది. ఇచ్చట మనుష్యుఁడే లొట్టిని విడిచి రాజులమీఁదికి నడచెను. సమాసోక్తి యక్కఱలేకపోయెను.

తెలుఁగుదేశమునఁ బానగీతమునకు మూఁడవ ముఖమును గలదు, అది త్రాగనివారిది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరాస్యతాపుస్తకములోని కథ చదివిన స్త్రీలు సారా యంగడిని మూయించిరి. 1993 అక్టోబరు 1న సారాయును, 1995 జనవరి 16న సమస్తమద్యమును నిషేధింపఁబడెను. రెండేండ్లకే 1997లో నా నిషేధము సడలెను. ఆ స్త్రీల పాటలు పానగీతములు గావని త్రోసివేయుట తగదు. ఏకాదశి నాఁటి వంటయింటిని వర్ణించినవాఁడును నన్నమును గూర్చియే చెప్పుచున్నాఁడు. బర్న్సు పాటలలోఁ గొఱఁతపడిన కంఠ మిది; భర్త త్రాగి వచ్చినప్పుడు వాకిట నిలిచినదాని మాట యాతని పానస్తుతులలో వినరాదు.

జానపదగేయములపై బిరుదురాజు రామరాజుగారు చేసిన పరిశోధనము 1958లో గ్రంథరూపమునఁ బ్రకటింపఁబడిన పిదప నీ విద్యకు శాస్త్రగౌరవము గలిగినది. అయినను వృత్తిపదములతోఁ గూడిన గీఁతపాటలకుఁ బ్రత్యేకవిమర్శనము చాలదు. గీఁత తెలుఁగు ధాతువగు 'గీయు'నుండి పుట్టినది. గీతము సంస్కృతపు 'గై' ధాతువునుండి. ఈ రెంటికిని జుట్టఱికము లేదు గాని, మోకు, ముస్తాదు, లొట్టి, మండువ యను మాటల యర్థము తెలియనివానికి నా గీఁతయు నందదు, ఆ గీతమును నందదు. ఈ మాటలు నిఘంటువులకంటెఁ బనికై పల్లెలు విడిచివచ్చిన వృద్ధుల నోళ్లలోఁ బదిలముగా నున్నవి. హైదరాబాదునందలి బోరబండ వంటి పేటల యిఱుకుసందులలో నట్టివారిని వెదకవచ్చును. అదే వీధులలో నమ్ముడుపోవు దేశవాళి విస్కీలో మిక్కిలి భాగము చెఱకుమడ్డినుండి తీసిన సారమే కావున, మనువు లెక్కలో నది పైష్టి కాదు, గౌడి. దానికి సీసాపై స్కాట్లండును దలపించు పేరు గలదు, పాట లేదు. మోకు భుజమున వేసికొని తాఁడెక్కినవానికిఁ బాట గలదు. దానిని వ్రాసికొనువాఁడు ముందుగా నడుగవలసినది రాగమును గాదు; చెట్టు పోఁతుదా, పరుపుదా, గీయునది యే నెలలో ననుట.