లంద కానరాని కావ్యము

ఈస్టిండియా కంపెనీవారి పాదిరి జాన్ ఓవింగ్టన్ 1690లో సూరత్ రేవుపట్టణమునకు వచ్చినాడు. అచ్చటి వర్తకులు నడుపుచుండిన పశువుల ఆశ్రయశాలను గూర్చి 1696లో వెలువడిన తన యాత్రాగ్రంథమున అతడు వర్ణించినాడు. ముసలి యెద్దులకు, కుంటి గుఱ్ఱములకు, మేకలకు, కుక్కలకు అందు తావు కలదట. దాని చెంతనే నల్లులు మొదలగు క్రిములకు మఱియొక గృహము కలదట. ఆ క్రిములకు ఆహార మెట్లు? అప్పుడప్పుడు ఒక బీదవానిని కూలికి కుదుర్చుకొని, రాత్రియంతయు అవి యున్న మంచముపై పరుండబెట్టుదురు. కాటునకు తాళలేక తెల్లవారకమునుపే పారిపోవునేమో యని వానిని మంచమునకు కట్టివేయుదురు కూడ. పాదిరి మాటలలో పరమతమును గూర్చిన హేళన కొంత యుండవచ్చును. ఆ పాలు తీసివేసి చూచినను మంచమునకు కట్టువడిన మనిషి మిగులును. ఒకరి దయకు వేఱొకని దేహము వెలగా చెల్లుట యెట్టిదో అతనిని చూచిన తెలియును.

ఆ నగరమునకు తోలు వాడవచ్చునా వాడరాదా యను నేటి వాదముతో మఱియొక పొత్తు కుదిరినది. ఒకప్పుడు జరీకి పేరొందిన సూరత్ ఇరువదవ శతాబ్దమున కృత్రిమపట్టునకు, నైలానునకు, పిమ్మట పాలియెస్టరు నేతకు దేశమున ప్రధానస్థానమైనది. చేరువనున్న హజీరాలోని పెట్రోరసాయన కర్మాగారములు నూలునకు ముడిసరకు నందించుచున్నవి. ఆ మరమగ్గముల యొద్ద నిలుచువారిలో తెలంగాణ జిల్లాల నుండి వలసపోయిన పద్మశాలీలు వేలకొలది కలరు. లింబాయత్ వీథులలో తెలుగు వినవచ్చును. తోలునకు బదులుగా అంగడికి వచ్చు సంచులు, చెప్పులు, నడికట్లు చాలవఱకు పాలియెస్టరు గుడ్డపై పాలియురెథేను గాని పీవీసీ గాని పూసినవే. మాదిగ చేతినుండి జారిన పని గుడ్డ రూపమున శాలివాని మగ్గముమీదికి ఎక్కినదనుట అతిశయోక్తి కాదు. ఆ శాలివాడును ఊరిలో చేమగ్గము పడిపోగా వచ్చినవాడే గదా.

ఇది ఆర్థికశాస్త్రజ్ఞుల విషయమని సాహిత్యవిమర్శ ప్రక్కకు తొలగరాదు. తోలును గూర్చి తెలుగువారు ఎట్లు తలపోయుదురో నేర్పినది సాహిత్యమే. ఆ నేర్పులో ఒక లోపము కలదు. చచ్చిన పశువును, పనిచేసిన చేతిని, చెడిన నీటిని ఒకచోట చూచు చూపు మన శిష్టకావ్యమునకు అలవడలేదు. తోలు అందు వస్తువుగా సిద్ధమై వచ్చును. అది ఊరిన లంద, అనగా చర్మకారుని తొట్టి, కానరాదు.

కృష్ణాజినము పవిత్రము. పులితోలు యోగికి ఆసనము, గజచర్మము శివునకు ఉత్తరీయము. దేవాలయ మండపములలో మ్రోగిన మృదంగమునకు ఇరుప్రక్కల నున్నది చర్మమే. ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యములోని తిన్నని భక్తికథలో చెప్పుకాలు సాక్షాత్తు శివుని కంటిమీద మోపబడుచున్నది. ఇంతటి చనువు చర్మమునకు దొరకినది గాని, దానిని ఒలిచి ఊరవేసినవానికి గుడిమెట్టు దొరకలేదు. వస్తువు శుచి, కర్త అశుచి యను ఈ విచిత్ర న్యాయమును మన లాక్షణికులెవ్వరును ఒక దోషముగా ఎంచలేదు.

పాలకురికి సోమనాథుడు ఈ కట్టు చాలవఱకు తెంచినవాడు. బసవపురాణమున మాదర చెన్నయ్య త్రావు అంబలి శివునకు చోళరాజు నైవేద్యముకంటె రుచించినది. పండితారాధ్య చరిత్రములో తోలుబొమ్మలాట ప్రసక్తియు కలదు. అయినను చెన్నయ్యను ఆ కవి ఏ పనిలో చూపినాడో గమనింపదగును. అతడు రాజుగారి గుఱ్ఱములకు గడ్డి మోయువాడు. తోలు అతని కులనామములో నున్నది, కథలోని పనిలో లేదు. భక్తుని ఉన్నతుని చేయుటకు ఆ విప్లవకవి సహితము అతనిని లంద యొద్దనుండి కొంత దూరము నడిపింపవలసివచ్చెనా యను సందేహము కలుగును.

ఆ దూరమును చెఱిపినవాడు జాషువ. 1941లో వెలువడిన గబ్బిలమున అరుంధతీసుతుడు తన వృత్తితోడనే కావ్యమునకు నాయకుడైనాడు. ఈ దేశము పాదము కందకుండ చెప్పు కుట్టినవానికి దేశమే ఋణపడినదను భావము తెలుగు పద్యములో అంతకుమున్ను అంత సూటిగా పలుకలేదు. అది దయను యాచించు పద్యము కాదు, లెక్క అడుగు పద్యము. అయితే జాషువకు కావలసినది న్యాయము. చర్మము చెప్పుగా మారు తీరు ఆ కావ్యమునకు విషయము కాదు. దానిని కొఱతగా ఎంచనక్కరలేదు. కాని తరువాతి విమర్శకులు ఆ ఒక్క ఋణభావమును పట్టుకొని, చర్మకారుని జీవితమున కవమానము తప్ప మఱియొక వస్తువే లేనట్లు పాఠములు చెప్పినారు. చేతిలోని విద్యను వారు చూడలేదు.

ఆ విద్య యున్న చోటు గ్రంథాలయము కాదు. చిందువారును డక్కలివారును ఆడి పాడిన జాంబపురాణమును చూడవలెను. దానికి పాఠభేదములు పెక్కు. ఒక కథనములో కామధేనువు మరణింపగా దాని మాంసమును దేవతలు కోరుదురు. వండు పని జాంబవుని పాలగును. కుండనుండి నేలపడిన తునకను ఊది మరల కుండలో వేసిన దోషమునకు శాపము తగులును. తినగోరినవారికి శాపము లేదు! ఈ కథలో గోవు కలదు, దాని చావు కలదు, కోసిన చేయి కలదు, విందును ఆశించిన పెద్దలు కలరు. వీరిలో ఎవరిని కథనుండి తీసివేసినను శాపమునకు అర్థము చెడును. నేటి తోలువాదములో ఒక పక్షము గోవును మాత్రము చూచును, ఇంకొక పక్షము కూలిని మాత్రము చూచును. అక్షరములు రానివారి పురాణము అందఱిని ఒక పంక్తిలో కూర్చుండబెట్టినది. ఒంగోలు ప్రాంతపు మాదిగవారి కథలను సేకరించి ఎమ్మా రౌషన్‌బుష్ క్లౌ 1899లోనే ఆంగ్లమున ఒక గ్రంథము ప్రకటించినది. చెప్పులు కుట్టు సమయమున చెప్పుకొన్న కథలని దాని పేరే తెలుపును. మన సాహిత్యచరిత్రలలో జాంబపురాణమునకు లభించిన పుటలు ఎన్నియో లెక్కించుట కష్టము కాదు.

ఇక ఆ విద్య సంగతి. చచ్చిన పశువును మోసితెచ్చి ఒలిచి, తోలును సున్నపునీట నానవేసి, వెండ్రుకలు గీసి, తంగేడుచెక్కయు కరక్కాయయు ఊరిన లందలో దినములకొలది ఊనుట ఊరి పద్ధతి. బతుకమ్మకు బంగారపు పూవు నిచ్చు తంగేడే తోలునకును రంగునిచ్చినది. ఒక ఉపయోగము పాటకెక్కినది, రెండవది ఊరిచివర నిలిచిపోయినది. ఆ తోలుతోనే మోటబావి బొక్కెన, కమ్మరి కొలిమితిత్తి, ఎద్దుల పగ్గములు అమరినవి. కంపు లేదనుట అసత్యము. సున్నపునీరు గుంటలను చెఱచుననుటయు నిజమే. కాని ఆ చెఱుపు ఒక ఊరి గుంటకు పరిమితము.

పందొమ్మిదవ శతాబ్ది చివర వ్యాపారమునకెక్కిన క్రోము పద్ధతి ఆ కొలతను మార్చినది. వారములు పట్టు పని ఒకటి రెండు దినములలో ముగియును; తోలు మెత్తనై రంగు బాగుగా పట్టును. ఒక టన్ను పచ్చితోలునకు సుమారు 30 నుండి 40 ఘనపు మీటర్ల నీరు వ్యయమగును. ఉప్పుతో, క్రోముతో అది బయటికి పోవును. తమిళనాట పాలారు నదీతీరము దీనికి సాక్షి. వెల్లూరు పౌరుల వ్యాజ్యమున 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, కలుషము చేసినవారే మూల్యము చెల్లింపవలెనను సూత్రమును భారత న్యాయశాస్త్రమున స్థిరపఱచినది. ఇందు తెలుగువారు ప్రత్యేకముగా తలపవలసినవాడు తెనాలి ప్రాంతపు యలవర్రులో 1922లో పుట్టిన యలవర్తి నాయుడమ్మ. 1948లో మద్రాసున నెలకొన్న కేంద్ర చర్మపరిశోధనాలయమునకు ఆయన సంచాలకుడై, అగ్రవర్ణములు ముట్టని వస్తువును ప్రయోగశాల బల్లమీదికి తెచ్చినాడు. శాస్త్రము తోలును ముట్టిన తరువాతనైనను కావ్యము ముట్టవచ్చును గదా.

చావునకు చంపుటకు గల భేదము నీతివాదములో చిన్నది కాదు. దక్షిణాఫ్రికాలో చెప్పులు కుట్ట నేర్చి, తాను కుట్టిన జోడును 1914లో జనరల్ స్మట్సునకు కానుక పంపిన గాంధీ, తరువాత తన ఆశ్రమపు చర్మశాలలో వధించిన పశువుల తోళ్లు గాక తమంత చచ్చిన పశువుల తోళ్లే వాడవలెనని నియమము పెట్టినాడు. జంతువునకు హాని లేని తోలు అది. ఆ మార్గము ఎంత నిర్దోషమో అంత అపాయకరమని అదే గుజరాతున తేలినది. 2016 జులైలో ఊనా సమీపమున చచ్చిన ఆవును ఒలుచుచున్న దళితులను గోరక్షకులమని చెప్పుకొన్నవారు కట్టివేసి కొట్టినారు. ప్రతిగా దళితులు కళేబరములు ఎత్తుట మానిరి. సురేంద్రనగర్‌లో ప్రభుత్వ కార్యాలయము ముందు కళేబరములు తెచ్చి పడవేసిరి. ఎత్తువాడు లేనప్పుడు కాని ఎత్తుట ఒక పని యని ఎవరికిని తోచలేదు.

అట్లయిన తోలు మాని కృత్రిమమును పట్టుకొన్నచో పాపము తొలగునా? పశువు విషయమున నిశ్చయముగా తొలగును. ఇది చిన్న లాభమని తోలు వర్తకులు చెప్పు మాటలో నిజాయితీ లేదు. కాని పూత పొరలెత్తిపోయిన కృత్రిమపు చెప్పు నేలలో కుళ్లదు. పాలియురెథేను పూతకు సామాన్యముగా వాడు ద్రావకము పనివారి కాలేయమును చెఱచును. అనాసాకు నార, పుట్టగొడుగు పోగు, కాన్పూరున గుడిపూవుల నుండి చేయునది మొదలగు క్రొత్త తోళ్లు వచ్చినవి. ఆశ గొలుపునవే, కాని వానిలో కొన్నిటికి మన్నికకై మరల ప్లాస్టిక్ పూతయే శరణ్యమగుచున్నది. గుడ్డ తట్టును చూతము. 2022 జనవరిలో సూరత్ చెంత సచిన్ పారిశ్రామికవాడలో, టాంకరునుండి కాలువలోనికి వదలిన రసాయనముల వాయువు సోకి ప్రక్క మిల్లులోని ఆరుగురు శ్రామికులు మరణించిరి. ఆ విషము కృత్రిమ తోలు కొరకు వదలినది కాదు. అయినను అహింసావస్త్రము పుట్టు నగరపు గాలి ఎట్టిదో తెలియుటకు ఆ ఒక్క వార్త చాలును.

తోలుపని పోయినంతమాత్రమున తోలు తెచ్చిన మచ్చ పోలేదు. మన దళిత సాహిత్యమునకు ముఖ్యమైన దుఃఖములలో ఇది యొకటి. నాగప్పగారి సుందర్రాజు మాదిగోడు కథలలో, వేముల ఎల్లయ్య కక్క నవలలో, గోగు శ్యామల కథలలో ఆ జీవితము దాని సొంత నుడికారముతో పలికినది. వీరి రచనలు వచ్చిన తరువాత లంద, ఆరె, రంపె వంటి మాటలు నిఘంటువు వదలి వాక్యమున చేరినవి. అయినను వీరిని గూర్చి వ్రాయు విమర్శ ఆత్మగౌరవము, ధిక్కారము అను రెండు మాటలకు మించి పోవుట లేదు. తోలు ఏ నీటిలో ఎన్నాళ్లు ఊరవలెనో ఎఱిగినవాని జ్ఞానము ఒక రచనకు నిర్మాణము నీయగలదను సంగతి ఆ వ్యాసములకు పట్టదు. టి.ఎం. కృష్ణ 2020లో సెబాస్టియన్ అండ్ సన్స్ అను ఆంగ్లగ్రంథమున మృదంగము వాయించువారిని వదలి మృదంగము చేయువారిని వెదకి వెళ్లినాడు. ఏ పశువు చర్మము ఏ నాదమునకు అనువో వారికే తెలియునని సంగీతలోకము ఒప్పుకొనవలసి వచ్చెను. మన డప్పునకు అట్టి గ్రంథము తగదా?

1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన దండోర ఉద్యమము డప్పును చాకిరి గుర్తునుండి హక్కు గుర్తుగా మార్చినది. కవులు ఆ మార్పును వెంటనే అందుకొన్నారు. డప్పు మీది తోలు పోవుచుండుటను అంత వేగముగా అందుకొనలేదు. నేడు ఊరేగింపులలో ఫైబరు డప్పులు విరివిగా కానవచ్చును. తోలుడప్పును వాయించుటకు ముందు గడ్డిమంట వేసి సెగ చూపవలెను. ఆ మంట చుట్టు చేరిన వాద్యకారులకు కొంతసేపు తమ మాట, తమ పరిహాసము ఉండెడివి. ఫైబరుకు మంట అక్కరలేదు. అది వానకు మెత్తబడదు, దానికై మేక చావదు. వాయించువారు మాత్రము వారే, కూలికి పిలుచు వీథియు నదే.