చీర రంగేంటి?

బల్ల చుట్టూ కూర్చుని పాచికలు వేస్తూ కథ నడిపే ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆట 1974లో అమెరికాలో పుట్టింది. 1977లో వెలువడిన దాని ‘మాన్‌స్టర్ మాన్యువల్’లో మన రాక్షసుడూ ఉన్నాడు. పులి తల, ఖరీదైన అంగీ, చేతిలో పొగగొట్టం. దొరలా ఉంటాడు. అదే పుస్తకంలో గ్రీకు పురాణాల మెడూసా, హార్పీ ఉన్నారు. ఒకరి చూపు ప్రమాదం, ఇంకొకరి పాట ప్రమాదం. మగవాడికి హోదా ఇచ్చారు, ఆడదానికి ఒళ్లిచ్చారు.

మనవాళ్ల పద్ధతి ఇంకా పాతది. వాల్మీకి అరణ్యకాండలో శూర్పణఖ రాముడి ఎదుటకు వచ్చే చోటు చూడండి. ఆమెకు సొంత రూపమంటూ లేదు. ఆయన ముఖం అందమైనది గనక ఆమెది వికారం, ఆయన నడుము సన్నం గనక ఆమెది పెద్ద పొట్ట. కళ్లు, జుట్టు, గొంతు, వయసు, అన్నీ తిరగేస్తే ఆమె తయారైంది. పేరుకి అర్థం చేటల్లాంటి గోళ్లున్నదని. చేట ఎవరి చేతిలో ఉండే వస్తువో మనకు తెలియదా! తమిళంలో కంబడు ఆమెను అందగత్తె వేషంలో రప్పించాడు. ముక్కు మాత్రం అక్కడా దక్కలేదు.

ఓల్గా ‘విముక్త’లో (2015లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చిన పుస్తకం) శూర్పణఖ తోట పెంచుకుంటుంది, సీతకు స్నేహితురాలవుతుంది. ఆ కథ మనకు ఎంతో ఇచ్చింది. కానీ అది రాక్షసిని మనిషిని చేసే దారి. భయపెట్టేది భయపెట్టేదిగానే ఉంటూ, ఆ భయం ఆడ ఒంటి మీంచి రాకుండా ఉండటం కుదురుతుందా?

హిందూపురంలో మా అక్క కూతురికి ఈ చిక్కే వచ్చింది. స్నేహితులతో ఆడే ఆటకు ఎక్కడా లేని భూతాన్ని కల్పించాలి. పెనుకొండ కోట శిథిలాల్లో జుట్టు విరబోసుకున్నది ఒకతి అని మగపిల్లలు వెంటనే అందించారు. వద్దంది. లేపాక్షి స్తంభాల మీది యాళి ఎటూ ఉన్నదే.

చివరికి ధర్మవరం వెళ్లింది. తన భూతం మగ్గం గుంతలో ఉంటుంది. దానికి ఒళ్లు లేదు. ఈ ఆటలో ప్రతి ప్రాణికీ ప్రాణబలం అంకెల్లో ఉంటుంది, దెబ్బ తగిలితే తగ్గుతుంది. దీనికి మాత్రం కొట్టిన కొద్దీ పెరుగుతుంది, వడ్డీలాగా. అది కండెలు చుట్టే ఆడవాళ్లకు మాత్రమే కనిపిస్తుంది. పొద్దస్తమానం పట్టు పోగు చుట్టినా వాళ్లను నేతగాళ్లని ఎవరూ అనరు కదా.

ఇంత చేసి, “అది గుంతలోంచి లేచింది” అని కథ మొదలుపెట్టగానే ఒకబ్బాయి, “చీర రంగేంటి?” అన్నాడట.

తప్పు ఆ అబ్బాయిది ఒక్కడిదే కాదు. లేచాడు అంటే మగవాడు. లేచింది అంటే ఆమె, మేక, దయ్యం, ఎవరైనా కావచ్చు. ఏకవచనంలో మనకు భాష ఇచ్చిన చోటు అదీ. ‘వాడు’ అని మార్చి చూసింది. వెంటనే అది సావుకారి అయిపోయింది. సావుకారినయితే కొట్టి చంపొచ్చు.

“చిన్నమ్మా, నలుగురు ఆడవాళ్లుంటే లేచారు అంటాం, లేచాయి అనం కదా?” అని ఫోన్ చేసింది. నిజమే. మన వ్యాకరణంలో ఆడది గుంపులో చేరితేనే మనిషి. వ్యాకరణం పాఠాల్లో ఈ సంగతిని మహత్తు, అమహత్తు అంటూ చప్పగా దాటేస్తాం.

ఆ పిల్ల తన భూతాన్ని బహువచనం చేసింది. అప్పులు ఎటూ ఒకటిగా ఉండవు. మరుసటి ఆదివారం “అవి గుంతలోంచి లేచాయి” అని చదివితే చీర రంగు ఎవరూ అడగలేదట.