ఛందస్సు అందరిది, పద్యం కవిది

అవధానంలో సమస్యాపూరణానికి సభ చెవులు రిక్కిస్తుంది. అర్థం పొసగదనిపించే ఒక పాదాన్ని పృచ్ఛకుడు ఇస్తాడు. అవధాని ముందు మూడు పాదాలు అల్లి, చిక్కు విప్పి, ఆ పాదంతోనే పద్యం ముగిస్తాడు. మరి ఆ పద్యం ఎవరిది?

ఈ ప్రశ్న ప్రొద్దుటూరుకు సొంత ప్రశ్న. దుర్భాక రాజశేఖర శతావధాని, జమ్మలమడుగు తాలూకా నెమళ్లదిన్నెలో పుట్టిన గడియారం వేంకటశేషశాస్త్రి జంటగా అవధానాలు చేశారు. తర్వాత సి.వి. సుబ్బన్న శతావధాని, నరాల రామారెడ్డి ఆ విద్యను అక్కడ నిలబెట్టారు. ఛందస్సునూ అవధాన నియమాలనూ వాడుకోవడానికి ఎవరూ ఎవరి అనుమతీ అడగలేదు. అడగాల్సిన పని లేకపోవడమే ఈ విద్యకు ప్రాణం.

ఉత్పలమాలకు గణాలు భరనభభరవ, యతి పదో అక్షరం. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు వద్దన్న అక్షరాన్ని తప్పించి పద్యం నడపాలి. దత్తపదిలో ఇచ్చిన పదాలను పద్యంలో ఇమడ్చాలి. చివర ధారణలో అన్నీ అప్పజెప్పాలి. ఇవి ఉమ్మడి సొత్తు. ఆ కట్టుబాట్లలో కవి పలికిన మాటల కూర్పు మాత్రం కవిదే.

చట్టమూ ఇదే గీత గీసింది. 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు, ఆలోచనకు కాపీరైట్ లేదనీ, దాన్ని వ్యక్తం చేసిన తీరుకే ఉందనీ తేల్చింది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం కవి మరణించిన ఏడాది ముగిశాక 60 ఏళ్లు హక్కు ఉంటుంది. 1957లో కన్నుమూసిన దుర్భాకవారి ‘రాణాప్రతాపసింహచరిత్ర’ 2018 నుంచి అందరిదీ అయింది. 1980లో వెళ్లిపోయిన గడియారంవారి ‘శ్రీశివభారతము’పై హక్కు 2040 చివరిదాకా ఉంటుంది. ఎవరి పాలు ఎంతో విడదీయలేని జంట రచనకు ఆఖరున పోయినవారి మరణం నుంచే లెక్క. కాబట్టి వారు కలిసి అల్లిన పద్యాలకూ 2040 చివరే గడువు.

పాత్రలు ధరించి ఆడే ఆటల వాళ్లూ ఈ విభజన దగ్గరికే వచ్చారు. ‘డన్జన్స్ అండ్ డ్రాగన్స్’ ప్రచురించే విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ 2000లో ఓపెన్ గేమ్ లైసెన్స్ తెచ్చింది. ఆట నడిచే నియమాలను ఇతరులకు వదిలి, తనవని ప్రకటించిన పాత్రలను, కథలను విడిగా దాచుకుంది. 2023లో మూల నియమాల పత్రాన్ని క్రియేటివ్ కామన్స్ కింద ఇచ్చింది. పుస్తకంలో ఏది ఇచ్చారో, ఏది ఇవ్వలేదో రాసి ఉంటే తర్వాత ఆడేవాడికి భయం ఉండదు.

అవధాన పద్యాలు అచ్చువేసేవాళ్లు కూడా అలాగే రాయాలి. సమస్య కింద పృచ్ఛకుడి పేరు, పూరణ కింద అవధాని పేరు, సభ జరిగిన ఊరు, తేదీ ఉండాలి. హక్కు గడువు తీరని పూరణకు కవినో వారసులనో అడగాలి. నియమాలకు ఎవరినీ అడగనక్కర్లేదు.

రేపు పులివెందులలో ఒక అమ్మాయి దత్తపది సాధన మొదలుపెడితే, గణాలూ యతీ పెద్దలిచ్చిన ఆస్తిగా ఆమె చేతికి వస్తాయి. మొదటి పద్యం మాత్రం ఆమె సొంతం. దాని కింద ఆమె పేరు వేయడం మన బాధ్యత.