పరీక్ష తప్పినంత మాత్రాన దోషం దొరికినట్లేనా?

కంప్యూటర్ ప్రోగ్రాములో దోషం కనబడినపుడు, దానిని వాడే మనిషి నాలుగు మాటలలో ఫిర్యాదు వ్రాసి పంపుతాడు. సరిచేయవలసినవాడు ముందుగా ఆ దోషాన్ని తన యెదుట మళ్ళీ పుట్టించుకోవలెను. అందుకై ఒక చిన్న పరీక్ష వ్రాస్తాడు. అదికూడ ప్రోగ్రామే: ఫలానా విలువ ఇస్తే ఫలానా జవాబు రావలెను, రాకపోతే పరీక్ష తప్పినట్లు. ఫిర్యాదును చదివి ఈ పరీక్షను యంత్రమే వ్రాయగలదా? దక్షిణ కొరియాలోని కైస్ట్ విద్యాసంస్థకు చెందిన కాంగ్, యూన్, యూ అనేవారు 2023లో ప్రకటించిన పరిశోధన వ్యాసం ఈ ప్రశ్నను గురించినదే.

వారి పద్ధతికి లిబ్రో అని పేరు. విస్తారమైన వ్రాతలపై శిక్షణ పొందిన కోడెక్స్ అనే భాషా నమూనాకు ఫిర్యాదును చూపి, ఒక్కొక్క దోషానికి 50 పరీక్షలు వ్రాయించారు. జావా ప్రోగ్రాములలో నిజంగా బయటపడిన దోషాలు 750 తీసుకోగా, 251 మళ్ళీ పుట్టినవి. అనగా మూడింట ఒక వంతు. నమూనా వీటిని శిక్షణలోనే చూచి ఉండవచ్చు గదా అని ఎవరికైనా తోచును. శిక్షణకు సేకరణ ముగిసిన తరువాత వచ్చిన 31 ఫిర్యాదులపై కూడ వారే పరిశీలించి చూచారు. అక్కడా 32 శాతం ఫలించినవి. ఈ జాగ్రత్త మెచ్చదగినది.

కాని ఆ 251 ఎట్లు లెక్కకు వచ్చినవి? ఆ సంకలనంలో దోషమున్న ప్రోగ్రామూ, సరిచేసిన ప్రోగ్రామూ రెండూ ఉన్నవి. మొదటిదానిపై తప్పి, రెండవదానిపై నెగ్గిన పరీక్షయే నిజమైనది. నిత్యవ్యవహారంలో ఆ రెండవది ఇంకా పుట్టనే లేదు! తప్పుట మాత్రమే మనకు కనబడుతుంది.

ఒక ఉదాహరణ కల్పించి చూతాము. 400 చేత భాగింపబడితేనే శతాబ్ది సంవత్సరం లీపు సంవత్సరం. 1900 కాదు, 2000 అవును. “శతాబ్ది సంవత్సరానికి ఫిబ్రవరి 29ని ఒప్పుకుంటున్నది” అని ఒకరు ఫిర్యాదు వ్రాశారు. వారు చూచినది 1900ను. యంత్రం మాత్రం 2000 ఫిబ్రవరి 29ని నిరాకరించవలెనని పరీక్ష వ్రాసింది. ప్రోగ్రాము నిరాకరించలేదు; పరీక్ష తప్పింది. ఇక్కడ ప్రోగ్రాముది ఒప్పు, పరీక్షది తప్పు. దీనిని నమ్మి “సరిచేస్తే”, ఆనాడు పుట్టినవారికి పుట్టినరోజే లేకుండా పోవును.

ఇందుకు వారు చేసిన ఉపాయం: 50లో అనేకం ఒకే తీరున తప్పితే, ఆ తప్పు సందేశం ఫిర్యాదు మాటలతో కలిస్తే, అట్టిదానిని ముందు నిలుపుట. 149 దోషాలకు సరైన పరీక్షయే మొదటిస్థానంలో నిలిచినది. ఉపయోగకరమే. అయితే 50 పరీక్షలూ ఒకే చేతి వ్రాతలు. ఒకే బల్లపైనుండి వచ్చిన పది జవాబు పత్రాలలో ఒకే తప్పు ఉంటే ఉపాధ్యాయులు దానిని పది సాక్ష్యాలనుకోరు గదా! పైగా మన ఉదాహరణలో ప్రోగ్రాము మౌనంగా ఒప్పుకున్నది. పోల్చి చూచుటకు ఫిర్యాదులో తప్పు సందేశమే లేదు.

నా అభిప్రాయంలో ఈ పద్ధతికి ఇంకొక మెట్టు కావలెను. పరీక్షను మామూలు మాటలలోకి మార్చి, ఫిర్యాదు చేసిన మనిషికే తిప్పి పంపుట: “2000 ఫిబ్రవరి 29 చెల్లదని మీ ఉద్దేశమా?” అతడు వెంటనే చెప్పును, “కాదు, 1900 సంగతి” అని.