ఫ్లాష్‌బ్యాక్ లేని మనిషి

పందుల దొడ్లో బురదలో పడి లేస్తున్నాడు ఓ పెద్దాయన. జ్వరం తగిలిన పందుల్ని మంచివాటి నుంచి విడదీయాలి, అవేమో చేతికి చిక్కవు. గుర్రం మీద వచ్చిన ఓ కుర్రాడు దడి అవతల నుంచి చూస్తున్నాడు. అతను వెతుక్కుంటూ వచ్చింది విలియం మన్నీ అనే పేరుమోసిన హంతకుణ్ని. కనబడుతున్నదేమో ఒళ్లంతా బురదైన రైతు. ‘అన్‌ఫర్‌గివెన్’ సినిమాలో హీరో మొహాన్ని మనం మొదటిసారి దగ్గరగా చూసేది ఇక్కడే.

ఇదే సీను మన కథాచర్చల్లో చెబితే ఎవరో ఒకరు తప్పకుండా అడిగే ప్రశ్న నాకు తెలుసు. ‘‘బావుంది సార్, ఫ్లాష్‌బ్యాక్ ఎక్కడ ఓపెన్ చేద్దాం?’’ పాతికేళ్లుగా అలాంటి గదుల్లో కూర్చుంటున్నాను. ఆ ప్రశ్న నేనూ చాలాసార్లు అడిగాను. ‘బాషా’ సినిమాలో ఆటో తోలుకునే మాణిక్యం ఒకప్పుడు బాషా అని తెలిసినప్పుడు ఒళ్లు గగుర్పొడిచినవాళ్లలో నేనొకణ్ని. ‘సమరసింహారెడ్డి’కీ ‘ఇంద్ర’కీ థియేటర్లో లేచి నిలబడ్డాను. ఆ ఆనందం అబద్ధం కాదు, దాన్ని తక్కువ చేయను. దాని వేరు విరాటపర్వంలో ఉంది. వలలుడు వంట చేస్తున్నంతసేపూ, బృహన్నల నాట్యం నేర్పుతున్నంతసేపూ మనం ఉత్తర గోగ్రహణం కోసమే కాచుకుని ఉంటాం. జమ్మిచెట్టు మీది ఆయుధాలు ఎప్పుడు దిగుతాయా అని చూస్తాం.

అయితే దాక్కున్న మనిషి వేరు, మారిన మనిషి వేరు. దాక్కున్నవాడికి సాత్వికత వేషం, ఆయుధం అసలు రూపం. మారినవాడికి ఆ సాత్వికతే కష్టపడి సంపాదించుకున్న రూపం. రెండో రకం మనిషి కథని మొదటి రకం స్క్రీన్‌ప్లేలో పెడితే ఆ మనిషి చచ్చిపోతాడు. ఇది నాకు నేర్పింది 1992లో క్లింట్ ఈస్ట్‌వుడ్ తీసిన ఈ వెస్టర్న్.

కథ చిన్నది. 1880లో వయోమింగ్‌లోని బిగ్ విస్కీ అనే ఊళ్లో ఓ కౌబాయ్ ఒక వేశ్య ముఖాన్ని కత్తితో కోస్తాడు, అతని జతగాడు అక్కడే ఉంటాడు. షెరీఫ్ లిటిల్ బిల్ శిక్ష వేయడు. గాయపడ్డ ఆడమనిషికి కాదు, సారా కొట్టు యజమానికి గుర్రాలు ఇప్పించి వదిలేస్తాడు. ఆడవాళ్లంతా కలిసి తమ సంపాదన కూడేసి, ఆ ఇద్దరినీ చంపినవాళ్లకి వెయ్యి డాలర్లు ఇస్తామంటారు. కాన్సాస్‌లో పందులు పెంచుకుంటున్న మన్నీకి ఆ కబురు చేరుతుంది. భార్య క్లాడియా మశూచితో పోయింది. ఇద్దరు పిల్లలున్నారు. తాగుడు మానిపించిందీ, చంపడం మానిపించిందీ ఆమే.

వాల్మీకి గురించి మన ఇళ్లలో చెప్పుకునే కథ గుర్తుకొస్తుంది. పెళ్లాంబిడ్డల కోసమే దారి దోచాడు, ఆ పాపంలో మాకు వాటా వద్దని వాళ్లు అన్నాకే మారాడు. మన్నీది దానికి తిరగబడ్డ దారి. పెళ్లాం మాట మీద మారినవాడు, ఆమె పోయాక బిడ్డల తిండి కోసం మళ్లీ తుపాకీ పట్టాడు.

ఇక నేను వదలకుండా పాఠంలా చూసే సీను. ముగ్గురూ దారిలో రాత్రి నెగడు దగ్గర ఆగుతారు: మన్నీ, అతని పాత స్నేహితుడు నెడ్ లోగన్, స్కోఫీల్డ్ కిడ్ అని చెప్పుకునే ఆ కుర్రాడు. తన బాబాయి చెప్పిన కథ ఒకటి కిడ్ ఎత్తుకుంటాడు. ఇద్దరు డెప్యూటీలు తుపాకులు గురిపెట్టి నిలబెట్టినా మన్నీ పిస్తోలు లాగి ఇద్దరినీ కూల్చేశాడట, నిజమేనా అని అడుగుతాడు. మన్నీ గుర్తులేదంటాడు. కుర్రాడు విసుక్కుని అవతలికి వెళ్తాడు. అప్పుడు నెడ్‌గా వేసిన మోర్గన్ ఫ్రీమన్ గొంతు పెంచకుండా సరిదిద్దుతాడు: చచ్చింది ఇద్దరు కాదు, ముగ్గురు.

అంతే. తెర మీద తుపాకీ పేలదు, డెప్యూటీలు కనబడరు, పడుచు వయసు మన్నీ రాడు. ఒక అంకె మారింది. కాని ఆ ఒక్క అంకెతో రెండు సంగతులు తెలుస్తాయి. మన్నీకి అన్నీ గుర్తున్నాయి. గుర్తులేదని చెప్పడం అతనికి రోజూ చేసుకోవాల్సిన పని. ఆ హత్యల్ని మనం కళ్లారా చూసి ఉంటే లెక్కపెట్టుకుని, ఈల వేసి, మర్చిపోయేవాళ్లం. చూడలేదు కాబట్టి మోస్తాం.

సినిమా పొడుగునా మన్నీ గతం ఇలాగే, మాటలుగా వస్తుంది. నోట్లో కాల్చి చంపిన ఒక పశువుల కాపరి సంగతి నెడ్‌కి అతనే గుర్తుచేస్తాడు. పళ్లు తల వెనక నుంచి బయటికొచ్చాయట. చంపేంత తప్పు అతనేం చేశాడో మత్తు దిగాక తనకే గుర్తు రాలేదట. తన పాత రోజుల గురించి మన్నీ చెప్పుకునేదంతా ఇంతే. ఎక్కడా గొప్ప ఉండదు. మన పరిశ్రమ మాటలో చెప్పాలంటే, ఎలివేషన్ ఉండదు.

గొప్పలు చెప్పేవాళ్లు వేరే ఉన్నారు. ఇంగ్లిష్ బాబ్ అనే తుపాకీ వీరుడు తన జీవితచరిత్ర రాసే బోషాంప్ అనే రచయితని వెంటేసుకుని తిరుగుతాడు. జీన్ హాక్‌మన్ వేసిన లిటిల్ బిల్ ఆ పుస్తకాన్ని జైల్లో కూర్చుని చదివి, ఆ ద్వంద్వయుద్ధం నిజంగా ఎలా జరిగిందో చెబుతాడు. బాబ్ తాగి ఉన్నాడు, మొదటి గుండు గురి తప్పింది, అవతలివాడి పిస్తోలు వాడి చేతిలోనే పేలింది, చేతకాని స్థితిలో ఉన్నవాణ్ని బాబ్ దగ్గరికెళ్లి కాల్చాడు. వేశ్యకి తగిలిన గాయాలు కూడా ఒక నోటి నుంచి ఇంకో నోటికి పోయేసరికి పెరిగిపోతాయి. కళ్లు పీకేశారని, వేళ్లు నరికేశారని. చంపడం అనే పని కథగా మారేటప్పుడు ఎలా సాగుతుందో చూపించడానికే ఈ సినిమాలో సగం ఉంది. నాలాంటివాడికి బోషాంప్‌ని చూడటం కష్టం. అతను చేసేది నా పనే.

డేవిడ్ వెబ్ పీపుల్స్ ఈ స్క్రిప్టుని 1976లో రాశాడు. ఎనభైల మొదట్లో ఈస్ట్‌వుడ్ చేతికొచ్చింది. వెంటనే తీయలేదు. తనే వేయాల్సిన మన్నీ పాత్రకి తగ్గ వయసు రావాలని దాచిపెట్టాడు. తీసేనాటికి అరవై ఒకటి. ఆ ఎదురుచూపులోనే ఈ సినిమా రహస్యం ఉందని నా నమ్మకం. 1964 నుంచి సెర్జియో లియోనీ సినిమాల్లో చుట్ట కొరుకుతూ మనుషుల్ని పిట్టల్లా రాల్చిన ముఖం అది. ఆ సినిమాల ఊపులోనే మనకి 1971లో కృష్ణ ‘మోసగాళ్లకు మోసగాడు’ వచ్చింది, ఊరూరా పిల్లలు కౌబాయ్ టోపీలు పెట్టుకున్నారు. అంటే మన్నీ ఫ్లాష్‌బ్యాక్‌ని ఈస్ట్‌వుడ్ తీయక్కర్లేదు. అది చూసేవాడి బుర్రలో ముందే తీసిపెట్టి ఉంది. అదే మనిషి ఇప్పుడు గుర్రం ఎక్కలేక జారిపడుతుంటే, డబ్బా మీద గురి కుదరక పిస్తోలు పక్కనపెట్టి షాట్‌గన్ తెచ్చుకుంటుంటే, మనం చప్పట్లు కొట్టిన ఆ చావులన్నీ ఒక్కొక్కటే వెనక్కి వస్తాయి. సినిమా చివర్లో ‘సెర్జియోకీ, డాన్‌కీ’ అని అంకితం ఉంటుంది. లియోనీ, డాన్ సీగల్, అతని ఇద్దరు గురువులు.

ఇందులో చంపడం చాలాసేపు పడుతుంది. మొదటి కౌబాయ్ పొట్టలో గుండు దిగి, బండరాళ్ల మధ్య దాహం దాహమని ఏడుస్తాడు. వాడికి నీళ్లివ్వండి, కాల్చం అని మన్నీయే అరవాల్సి వస్తుంది. రెండోవాణ్ని మరుగుదొడ్లో కూర్చుని ఉండగా కిడ్ కాలుస్తాడు. ఐదుగుర్ని చంపానని కోతలు కోసిన ఆ కుర్రాడికి నిజానికి అదే మొదటి హత్య. తర్వాత చెట్టు కింద కూర్చుని సీసా ఎత్తి తాగుతూ ఏడుస్తాడు. ఆ చోటే, డబ్బు తెచ్చిచ్చిన అమ్మాయి నెడ్ చావుకబురు చెబుతుంది. లిటిల్ బిల్ కొరడాతో కొట్టి చంపాడు. ఆమె చెబుతుండగా మన్నీ చెయ్యి మెల్లగా కిడ్ సీసా మీదికి పోతుంది. పదేళ్లకి పైగా ముట్టనివాడు గుక్క తాగుతాడు. సంగీతం లేవదు, కెమెరా ముఖం మీదికి దూసుకురాదు.

ఆ తర్వాత వానలో సారా కొట్టు. మొదటిసారి క్యాసెట్టు అద్దెకి తెచ్చుకుని చూసినప్పుడు ఈ సీనుకి చప్పట్లు కొట్టాను. అప్పుడు నా కళ్లకది ఇంటర్వెల్ తర్వాత రావాల్సిన బాషా. ఇప్పుడు చూస్తే భయం వేస్తుంది. తను ఆడవాళ్లనీ పిల్లల్నీ చంపినవాణ్నని తన నోటితోనే ఒప్పుకుంటాడు. ఆయుధం లేని యజమానిని మొట్టమొదట కాలుస్తాడు. తిరిగొచ్చింది వీరుడు కాదు, క్లాడియా పదేళ్లు పట్టి ఆపిన మనిషి. ఈస్ట్‌వుడ్ ఆ రెండు స్పందనలకీ చోటిచ్చాడు, అందుకే నేను దీన్ని వెస్టర్న్‌లన్నిటి పైన పెడతాను.

కొన్నేళ్ల కిందట జైలు నుంచి వచ్చి సొంతూళ్లో పంక్చర్ షాపు పెట్టుకున్న మనిషి కథ ఒకటి రాశాను. తొలి డ్రాఫ్టులో అతని గతం ఒక్క సీనూ లేదు. నిర్మాత అడిగితే ఇరవై నిమిషాల ఫ్లాష్‌బ్యాక్ రాసిచ్చాను. థియేటర్లో ఈలలన్నీ దానికే. షాపు సీన్లు రాగానే జనం ఫోన్లు తీశారు. తప్పు వాళ్లది కాదు. నరకడాన్ని అందంగా, ట్యూబుకి ప్యాచ్ వేయడాన్ని చప్పగా రాసింది నేను. ఇప్పుడు రాస్తున్న కథలో మళ్లీ అలాంటి మనిషే ఉన్నాడు. ఈసారి అతని గతం గురించి పక్కవాళ్లు మాట్లాడుకుంటారు, అంతే.

‘అన్‌ఫర్‌గివెన్’కి ఉత్తమ చిత్రంతో కలిపి నాలుగు ఆస్కార్లు వచ్చాయి. చూడనివాళ్లు చూడండి, చివరి అక్షరాలు పైకి పోయేదాకా లేవకండి. సూర్యాస్తమయం, చెట్టు, సమాధి, వాటి మీద కొన్ని వాక్యాలు. కొన్నేళ్లకి క్లాడియా తల్లి ఎంతో ప్రయాసపడి కూతురి సమాధి చూడ్డానికి వస్తుంది. మన్నీ పిల్లల్ని తీసుకుని ఎటో వెళ్లిపోయాడు, శాన్‌ఫ్రాన్సిస్కోలో బట్టల వ్యాపారం చేసి బాగుపడ్డాడని కొందరంటారు. తన ఒక్కగానొక్క కూతురు ఆ దొంగని, ఆ హంతకుణ్ని ఎందుకు పెళ్లాడిందో చెప్పే మాట ఆ తల్లికి ఆ రాతి మీద కనబడలేదు.