లీటర్లకు అందని లెక్క

ఒక గేదెను చూడగానే మైదానం మనిషి అడిగే మొదటి ప్రశ్న: పూటకు ఎన్ని లీటర్లు? ఒడిశాలోని రాయగడ, కోరాపుట్ కొండల్లో ఈ ప్రశ్న వేస్తే జవాబు చిన్నదే వస్తుంది. అంత మాత్రాన అక్కడి పశువును తీసిపారేస్తే, ఆ కొండల సేద్యం ఎలా నిలిచిందో మనకు ఎప్పటికీ అర్థం కాదు.

1936 దాకా మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లాలో ఉన్న ప్రాంతమిది. 1992లో కోరాపుట్ నుంచి విడిపోయి రాయగడ వేరే జిల్లా అయింది. నాగావళి, వంశధార ఒడ్డున వరి మడులు, పైన చోళ్లు, సామలు పండే పోడు, ఆపైన అడవి. గుణుపురం, రాయగడ వీధుల్లో తెలుగు ఎంత వినిపిస్తుందో, కాశీపూర్, బిస్సంకటక్ వైపు కొండెక్కితే కంధ తెగవాళ్ల కువి భాష అంత వినిపిస్తుంది. పశువు మాత్రం అందరి ఇంటా ఉంటుంది. రాయగడలో కనిపించే కలహండి గేదె గుర్తింపు పొందిన జాతి. పక్కనే కోరాపుట్, మల్కనగిరి, నవరంగపూర్ జిల్లాల్లో ‘మంద’ అనే గేదె జాతి ఉంది. బూడిదరంగు ఒళ్లు, మోకాళ్ల దగ్గర రాగిరంగు వెంట్రుకలు, పొట్టిగా గట్టిగా ఉండే కట్టు. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల బ్యూరో దీన్ని దేశంలో 19వ గేదె జాతిగా గుర్తించిన వార్త 2021లో వచ్చింది. పరాన్నజీవులను తట్టుకుంటుంది, దాణా పెట్టకపోయినా కట్టి ఈనుతుంది. పూటకు రెండు, రెండున్నర లీటర్లే ఇచ్చినా ఆ పాలలో వెన్న 8 శాతం దాటుతుంది.

అసలు కొండ తెగల్లో చాలామందికి పాలు పిండే అలవాటే లేదు. పాలు దూడ సొత్తు. గేదె ఇచ్చేది దుక్కి, గత్తం, కష్టకాలంలో సంతలో నాలుగు డబ్బులు. కంధులు భూదేవికి ఇచ్చే బలి కూడా దున్నపోతే. ఇన్ని పనులు చేసే పశువును ఒక్క పాలతో కొలవడమే తప్పు.

దాని రోజు కాపరితో మొదలవుతుంది. ఊరి పశువులన్నీ ఒకే మందగా కదులుతాయి. కాపరికి కూలి పంట చేతికొచ్చాక గింజల రూపంలో ముట్టేది. ప్రతి మందలో కొన్నిటి మెడలో చెక్క గంటలు ఉంటాయి. ఒక్కో కర్రది ఒక్కో మోత. పొదల్లో పశువు కనిపించకపోయినా ఏది వెనకబడిందో, ఏది గెడ్డ దాటిందో కాపరి చెవికి తెలిసిపోతుంది. చిరుతకు దూడలు, మేకలంటేనే ఆశ. గేదెలు కొమ్ములు బయటికి పెట్టి గుమిగూడితే అది దగ్గరికి రాదు. అందుకే దూడలను మంద మధ్యలో నడిపిస్తారు, మేకలను పొద్దు వాలకముందే ఇంటికి తోలుకొస్తారు. ఇప్పపూలు రాలే రోజుల్లో తెల్లవారుజామున ఆ చెట్ల కిందికి పశువులను తోలరు. అది ఎలుగుబంటి వేళ. పంట కాలంలో అడవిపందికి మంచె మీద కాపలా తప్పదు. గేదె వీపున వాలి కొంగలు, గోరింకలు, పసులపోలిగాడు పురుగులు ఏరుకుంటాయి. ఊరిబయట పడేసిన కళేబరాన్ని శుభ్రం చేసే రాబందులు మాత్రం పశువులకిచ్చిన డైక్లోఫెనాక్ మందుతో దేశమంతటా అంతరించిపోయే దశకు వచ్చాయి. 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించారు.

దుక్కిలోనూ ఒక పద్ధతి ఉంది. రాళ్ల మీద పలచగా పరచుకున్న వాలు నేలలో లోతు దుక్కి దున్నితే మన్నంతా వానకు కొట్టుకుపోతుంది. అందుకే తేలిక కర్ర నాగలి. మెట్టలో ఎద్దులు, ఊబి మడిలో దున్నలు. గేదె ఒంట్లో చెమట గ్రంథులు ఆవుకన్నా బాగా తక్కువ, ఎండకు ఆగలేదు. చీకటితో కాడి కట్టి, ఎండ ముదరకముందే విప్పి, బురదగుంటలోకి వదులుతారు. ఆ బురద ఒంటికి చలవ చేస్తుంది, ఈగలను, గోమార్లను దూరం పెడుతుంది.

శాలలోని పేడ, ఆకులు, తొక్కిన గడ్డి కలిసి గత్తం అవుతుంది. కోతలయ్యాక పశువులను పొలాల్లోకి వదిలితే అవి మోడు మేసి అక్కడే ఎరువు వేస్తాయి. 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ కోరాపుట్ సాగును ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. కీర్తి నాటు వరి, చోడి విత్తనాలకు దక్కింది. ఆ విత్తనాలను తరతరాలుగా పండించిన గత్తం ఈ శాలలదే.

కళ్లంలో చూడండి. నడుమ పాతిన గుంజ పక్కన ముసలి ఎద్దు, బయటి చుట్టులో వయసు పశువు. లోపలిది నిదానంగా తిరిగితే చాలు, బయటిది వేగంగా నడవాలి. అన్నిటి మూతికీ చిక్కం. ముసలిదానికీ పని దొరికే అమరిక ఇది. బండి చక్రమూ ఇలాగే ఊరి నేర్పుతోనే తయారవుతుంది. కమ్మరి ఇనప పట్టాను చక్రం చుట్టుకొలతకన్నా కాస్త తక్కువగా కొడతాడు. చుట్టూ పేడపిడకల మంట పెట్టి ఎర్రగా కాలుస్తాడు. వేడికి సాగిన పట్టాను పట్టకార్లతో ఎత్తి పూటీల మీద దించి, కర్ర అంటుకోకముందే నీళ్లు పోస్తాడు. పట్టా బిగుసుకుని పూటీలను, ఆకులను కుంభంలోకి నొక్కిపెడుతుంది. ఒక్క మేకు అక్కర్లేదు.

ఊరి హల్లర్ మిల్లులో పాత డీజిల్ ఇంజనూ ఈ బాపతే. లీవర్ ఎత్తి, హ్యాండిల్ తిప్పి, బరువు చక్రాలు వేగం అందుకోగానే లీవర్ వదిలితే టపటపమని అందుకుంటుంది. పీపాలో నీళ్లు దాన్ని చల్లబరుస్తాయి. చెడితే విప్పి బాగుచేసే మెకానిక్ సంతలోనే దొరుకుతాడు. ఊళ్లో దొరికే మేతతో బతికే గేదె, ఊళ్లో బాగయ్యే యంత్రం: ఈ కొండల సేద్యం ఎంచుకున్నది ఇలాంటి వాటినే.

ఇదంతా కష్టం లేని బతుకని కాదు. గాలికుంటు, గొంతువాపు మందను పీడిస్తాయి. వానలకు ముందు టీకా వేయించాల్సిందే. చిన్న మడిలో పవర్ టిల్లర్ రైతు నడుము కాపాడుతుందంటే దాన్నీ వద్దనలేం. అయితే పాల లెక్క ఒక్కటే చూసి సంకరజాతి పశువును కొండకు పంపితే, దాని దాణా, మందులు, ఫ్యాను ఖర్చు పేదవాడి నెత్తిన పడుతుంది.

గుర్తింపు పత్రంతోనే జాతి నిలవదు. మంచి దున్నపోతు ముందే సంతకో బలికో పోతే మిగిలిన బక్కదే మందను కడుతుంది. పశుసంవర్ధక శాఖ, పంచాయతీలు కలిసి ఊరికొక మేలైన నాటు దున్నను ఎంచి నిలపాలి, దాని మేపు ఖర్చు భరించాలి. దేశవాళీ జాతులను కాపాడాలనుకుంటే చేయాల్సిన మొదటి పని అది.